‘కంటే’ నుంచి ‘దాన్’ వరకు: ఆంగ్ల విశేషణాల తరతమ రూపాలను నేర్చుకునే పద్ధతి

‘థౌజండ్ పిల్లర్ టెంపుల్ ఈజ్ ఓల్డ్ దాన్ రామప్ప టెంపుల్’ అని రాసిన విద్యార్థికి చరిత్ర బాగానే తెలుసు. హనుమకొండలోని వేయి స్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు. పాలంపేటలోని రామప్ప గుడి 1213 నాటిది. రెండింటికీ మధ్య యాభై ఏళ్ల తేడా ఉంది. వాక్యంలోని మాటల వరుస కూడా సరిగానే ఉంది. తప్పల్లా ‘ఓల్డ్’ అన్న చోట ‘ఓల్డర్’ అనకపోవడమే. హనుమకొండలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థులకు ఆంగ్ల వ్యాకరణం చెబుతూ ఈ తప్పును నేను ఎన్నోసార్లు దిద్దాను. అజాగ్రత్త వల్ల జరిగే తప్పు కాదిది. తెలుగులో పోలికకు గుర్తు ఒక చోట ఉంటే ఆంగ్లంలో మరొక చోట ఉంటుంది. ఆ చోటు ఏదో ఒకసారి స్పష్టంగా తెలిస్తే తక్కిన నియమాలను నేర్చుకోవడం సులువవుతుంది.

‘వరంగల్ కరీంనగర్ కంటే పెద్దది’ అనే వాక్యాన్ని చూడండి. ‘పెద్దది’ అనే మాటలో పోలిక ఏమీ లేదు. పోలిక లేకుండా ‘వరంగల్ పెద్దది’ అన్నప్పుడూ అదే మాట వాడతాం. పోలిక భారమంతా కరీంనగర్ పక్కన నిలబడిన ‘కంటే’ మోస్తోంది. ‘మా చెరువు కన్నా మీ చెరువు పెద్దగుంటది’ అని ఊళ్లో మాట్లాడుకున్నప్పుడు కూడా ‘కన్నా’ చేసే పని అదే. ఆంగ్లంలో ఈ భారం రెండు చోట్ల పడుతుంది. విశేషణం తన రూపం మార్చుకుని ‘బిగ్గర్’ అవుతుంది, పోల్చిన వస్తువు ముందు ‘దాన్’ వస్తుంది. మన విద్యార్థి ‘కంటే’కు ‘దాన్’ రాసి, పోలిక పూర్తయిందనుకుని విశేషణాన్ని వదిలేస్తాడు. కాబట్టి మొదటి అలవాటుగా, మనసులో ‘కంటే’ అనుకోగానే చూపు ముందుగా విశేషణం మీద పడాలి, దాని రూపం మారిన తరువాతే ‘దాన్’ రాయాలి.

అన్నింటిలో మిన్న అని చెప్పే మూడో మెట్టులోనూ ఇలాంటి తేడాయే ఉంది. ‘క్లాసులో అందరికంటే పొడుగు’ అన్నప్పుడు మనం మళ్లీ ఆ ‘కంటే’నే వాడతాం, కాకపోతే దానిని ‘అందరి’కి తగిలిస్తాం. ఆంగ్లం మాత్రం ఇందుకు ‘టాలెస్ట్’ అని వేరే రూపం పెట్టుకుంది. ‘టాల్, టాలర్, టాలెస్ట్’ అనే మూడు మెట్లు మనకు పరాయివిగా అనిపించవచ్చు కానీ, సంస్కృతం ద్వారా తెలుగులోకి వచ్చిన మాటల్లో అవి ఎప్పటినుంచో ఉన్నాయి. సంస్కృతంలో రెండింటి పోలికకు ‘తర’, అన్నింటిలో మిన్న అనడానికి ‘తమ’ చేరుస్తారు. మనం రోజూ వాడే ‘తారతమ్యం’ అనే మాట ఆ రెండు ప్రత్యయాల నుంచే పుట్టింది. అంతకంటే దగ్గరి చుట్టరికం మరొకటి ఉంది. లెక్కల్లో గరిష్ఠ సామాన్య భాజకం, కనిష్ఠ సామాన్య గుణిజం అని చదువుకున్నాం, వార్తల్లో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు వింటూనే ఉంటాం. ఆ మాటల చివరనున్న ‘ఇష్ఠ’, ఆంగ్లంలోని ‘ఎస్ట్’ ఒకే పురాతన మూలం నుంచి చీలిన ప్రత్యయాలు. ‘గరిష్ఠ’ అన్నప్పుడు గురువైన వాటిలో కెల్లా గురువైనది అని ఎలా అర్థం వస్తుందో, ‘హెవియెస్ట్’ అన్నప్పుడూ అలాగే వస్తుంది. ఈ సంగతి చెప్పిన రోజు నుంచి మా విద్యార్థులకు ‘ఎస్ట్’ గుర్తుపెట్టుకోవడం కష్టం కాలేదు.

ఏ విశేషణానికి ఏ రూపం

ఆంగ్ల విశేషణం పొట్టిదైతే దాని చివర ‘అర్’, ‘ఎస్ట్’ చేరతాయి, పొడుగైతే దాని ముందు ‘మోర్’, ‘మోస్ట్’ వస్తాయి. పొట్టి, పొడుగు అనేది అక్షరాలు లెక్కపెట్టి తేల్చేది కాదు, పలికేటప్పుడు వినిపించే అచ్చులను లెక్కపెట్టి తేల్చాలి. ఇక్కడ తెలుగువాళ్లు తప్పకుండా జాగ్రత్తపడాల్సిన సంగతి ఒకటుంది. హల్లుతో ముగిసే మాటకు చివర ఒక ‘ఉ’ తగిలించి పలకడం మనకు అలవాటు కాబట్టి ‘చీప్’ మన నోట ‘చీపు’ అవుతుంది, ‘హాట్’ ‘హాటు’ అవుతుంది. అలా లెక్కపెడితే రెండేసి అచ్చులు కనిపిస్తాయి. ఆంగ్లంలో ఆ చివరి ‘ఉ’ లేదు, అవి ఒకే అచ్చు ఉన్న మాటలు. ఆ తోకను తీసేసి లెక్కపెట్టండి.

ఒకే అచ్చు వినిపించే మాటలకు ‘అర్’, ‘ఎస్ట్’ చేర్చాలి. ‘స్మాల్’ నుంచి ‘స్మాలర్, స్మాలెస్ట్’, ‘చీప్’ నుంచి ‘చీపర్, చీపెస్ట్’ వస్తాయి. రాతలో చేరేవి ‘ఈ, ఆర్’ అనే రెండక్షరాలు లేదా ‘ఈ, ఎస్, టీ’ అనే మూడక్షరాలు. మాట చివర ముందే ‘ఈ’ ఉంటే దానిని మళ్లీ రాయనక్కర్లేదు, ‘లార్జ్’కు ఒక్క ‘ఆర్’ చేరిస్తే ‘లార్జర్’ అయిపోతుంది.

ఎక్కువ మార్కులు పోయేది చివరి అక్షరాన్ని రెట్టించే చోట. బీ, ఐ, జీ అనే మూడక్షరాల ‘బిగ్’, ‘బిగ్గర్’ అయ్యేటప్పుడు జీ రెండుసార్లు రావాలి. చివర ఒకే హల్లు, దాని ముందు ఒకే అచ్చు అక్షరం ఉన్న పొట్టి మాటలన్నింటికీ ఇది వర్తిస్తుంది. దీనికి కారణం ఉంది. తెలుగు లిపిలో హ్రస్వానికీ దీర్ఘానికీ వేర్వేరు గుర్తులున్నాయి, ఆంగ్ల లిపిలో ఆ సౌకర్యం లేదు. ముందున్న అచ్చును పొట్టిగా పలకాలని చెప్పడానికి ఆంగ్లం హల్లుకు ద్విత్వం ఇస్తుంది. ‘హాటర్’ను ఒక్క టీతో రాస్తే చదివేవారు దానిని ‘హోటర్’ అంటారు. ఒక్క టీ ఉన్న ‘లేటర్’కు, రెండు టీలున్న ‘లాటర్’కు ఉచ్చారణలో ఉన్న తేడా కూడా ఇందువల్లే వచ్చింది. ‘చీప్’లో పీకి ముందు ఈ, ఏ అని రెండు అచ్చు అక్షరాలున్నాయి కాబట్టి ద్విత్వం అవసరం లేదు. ‘లాంగ్’ చివర ఎన్, జీ అని రెండు హల్లులున్నాయి కాబట్టి దానికీ అక్కర్లేదు. ‘స్లో’, ‘న్యూ’ మాటల చివరనున్న డబ్ల్యూను ఎప్పుడూ రెట్టించరు.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే కాలంలో ఈ నియమానికి నేను ఇచ్చే ఉదాహరణ ఇది. తేజ రకం కారం ఎక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చికి కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. ‘తేజ ఈజ్ హాటర్ దాన్ చపాటా, బట్ చపాటా ఈజ్ రెడ్డర్’ అన్న ఒక్క వాక్యంలో టీ, డీ రెండూ ద్విత్వం పొందుతాయి. మిరపకాయలు పండించే ఇళ్ల పిల్లలు ఈ వాక్యాన్ని మరిచిపోవడం నేను చూడలేదు.

ఉచ్చారణ గురించి ఒక మాట చెప్పాలి. ‘లాంగ్’, ‘యంగ్’, ‘స్ట్రాంగ్’ మాటల చివరనున్న జీ ఆంగ్లంలో విడిగా వినబడదు, అది ముక్కులోనే ఆగిపోతుంది. ‘లాంగర్’, ‘యంగర్’, ‘స్ట్రాంగర్’ అనేటప్పుడు మాత్రం ‘గ’కారం స్పష్టంగా వినబడాలి. మన ఉచ్చారణలో ఆ ‘గ’ మొదటినుంచే ఉంటుంది కాబట్టి ఈ మూడు మాటల్లో మనవాళ్లు తప్పు చేయరు.

రెండు అచ్చులున్న మాటల దగ్గర నియమం కొంత సడలుతుంది. ‘హ్యాపీ’, ‘ఈజీ’, ‘బిజీ’, ‘హెవీ’ వంటివి వై అక్షరంతో ముగుస్తాయి. ఆ వై ముందు హల్లు ఉంటే అది ఐగా మారి ‘హ్యాపియర్’, ‘ఈజియెస్ట్’ అనే రూపాలు వస్తాయి. ‘నారో’, ‘సింపుల్’, ‘క్లెవర్’, ‘క్వైట్’ కూడా ‘నారోవర్’, ‘సింప్లర్’ అన్న పద్ధతిలోనే నడుస్తాయి. ‘ఫుల్’, ‘లెస్’, ‘ఇంగ్’, ‘అస్’ అనే చివరలున్న ‘యూజ్‌ఫుల్’, ‘కేర్‌లెస్’, ‘బోరింగ్’, ‘ఫేమస్’ వంటి వాటికి మాత్రం ‘మోర్’, ‘మోస్ట్’ తప్ప వేరే దారి లేదు. రెండు అచ్చులున్న మాట వైతో ముగియకుండా, ఏ దారి పట్టాలో మీకు తెలియకుండా ఉంటే ‘మోర్’ వాడండి, తప్పు జరిగే అవకాశం తక్కువ. మూడు, అంతకు మించిన అచ్చులున్న ‘బ్యూటిఫుల్’, ‘ఎక్స్‌పెన్సివ్’, ‘డిఫికల్ట్’ వంటి వాటికి ఎప్పుడూ ‘మోర్’, ‘మోస్టే’. ఒకే అచ్చున్నా ‘ఫన్’, ‘బోర్డ్’ వంటి కొన్ని మాటలు ‘మోర్ ఫన్’, ‘మోర్ బోర్డ్’ అనే అంటాయి.

రెండు పద్ధతులనూ ఒకేసారి వాడకూడదు. ‘మోర్ టాలర్’, ‘మోర్ బెటర్’, ‘మోస్ట్ చీపెస్ట్’ అన్నవి మన బోర్డుల మీదా, దరఖాస్తుల్లోనూ ఎంత తరచుగా కనిపించినా తప్పులే. ‘ఇంకా మంచిది’ అనే తెలుగు మాటను యథాతథంగా దింపినప్పుడు ‘ఇంకా’కు ‘మోర్’, ‘మంచిది’కి ‘బెటర్’ వచ్చి చేరతాయి. ‘బెటర్’ ఒక్కటే ఆ రెండు మాటల పనీ చేస్తుంది.

నియమానికి లొంగని మాటలు కొన్నే ఉన్నాయి. ‘గుడ్, బెటర్, బెస్ట్’, ‘బ్యాడ్, వర్స్, వర్స్ట్’, ‘మచ్’ లేదా ‘మెనీ’కి ‘మోర్, మోస్ట్’, ‘లిటిల్’కు ‘లెస్, లీస్ట్’, ‘ఫార్’కు ‘ఫార్దర్’ లేదా ‘ఫర్దర్’. వీటిని కంఠస్థం చేయడమే మార్గం. వయసు చెప్పే ‘ఎల్డర్’, ‘ఎల్డెస్ట్’ గురించి మాత్రం కొంచెం ఆగాలి. తెలుగులో అక్క, అన్న అనే మాటల్లోనే పెద్ద అన్న అర్థం ఇమిడి ఉంది, ఆంగ్లంలో అలా లేదు కాబట్టి ‘ఎల్డర్ సిస్టర్’, ‘ఎల్డర్ బ్రదర్’ అని రెండు మాటలు కావాలి. ముగ్గురు అక్కలుంటే పెద్దక్కను ‘మై ఎల్డెస్ట్ సిస్టర్’ అనాలి. అయితే ‘ఎల్డర్’ ఎప్పుడూ ‘దాన్’తో కలవదు. ‘మా అక్క నాకంటే మూడేళ్లు పెద్దది’ అని చెప్పాలంటే ‘మై సిస్టర్ ఈజ్ త్రీ ఇయర్స్ ఓల్డర్ దాన్ మీ’ అనాలి. తేడా ఎంతో చెప్పే సంఖ్య విశేషణం ముందే వస్తుందని ఈ వాక్యంలోనే గమనించండి. గుడుల ఉదాహరణ కూడా ఇలాగే ‘ఫిఫ్టీ ఇయర్స్ ఓల్డర్ దాన్ రామప్ప టెంపుల్’ అవుతుంది.

‘దాన్’ దగ్గర జరిగే తప్పులు

ముందుగా రాతలో ‘దాన్’కు ఏ, ‘దెన్’కు ఈ అని గుర్తుంచుకోవాలి. ‘దెన్’ అంటే అప్పుడు, ఆ తరువాత అని అర్థం, దానికి పోలికతో సంబంధం లేదు. ‘దాన్’ తరువాత ‘మీ’ రావాలా, ‘ఐ’ రావాలా అనే అనుమానం చాలామందికి ఉంటుంది. మాటల్లో ‘టాలర్ దాన్ మీ’ సహజం, పరీక్షలో రాసేటప్పుడు ‘టాలర్ దాన్ ఐ యామ్’ అంటే ఎవరూ తప్పుపట్టలేరు.

తెలుగు మనల్ని మరీ సులభంగా తప్పుదారి పట్టించేది ఏ వస్తువును దేనితో పోలుస్తున్నాం అనే విషయంలో. ‘వరంగల్ జనాభా కరీంనగర్ కంటే ఎక్కువ’ అంటే తెలుగులో ఎవరికీ ఇబ్బంది లేదు, రెండో చోట ‘జనాభా’ అనే మాటను వినేవారే అనుకుంటారు. దానిని ‘ది పాపులేషన్ ఆఫ్ వరంగల్ ఈజ్ లార్జర్ దాన్ కరీంనగర్’ అని రాస్తే, శ్రద్ధగా చదివే ఆంగ్ల పాఠకుడికి జనాభాను ఊరితో పోల్చినట్టు కనిపిస్తుంది. ‘దాన్ దట్ ఆఫ్ కరీంనగర్’ అనాలి. పోల్చేవి బహువచనమైతే ‘దట్’ స్థానంలో ‘దోజ్’ వస్తుంది.

దగ్గర, దూరం చెప్పేటప్పుడు మరో చిక్కు ఉంది. ‘కరీంనగర్ ఈజ్ నియరర్ టు వరంగల్ దాన్ హైదరాబాద్’ అన్న వాక్యానికి రెండర్థాలు వస్తాయి. వరంగల్‌కు హైదరాబాద్ కంటే కరీంనగర్ దగ్గర అన్నది ఒకటి. కరీంనగర్‌కు హైదరాబాద్ కంటే వరంగల్ దగ్గర అన్నది రెండోది. తెలుగులో ‘కు’ విభక్తి వచ్చి ఈ అనుమానాన్ని తీర్చేస్తుంది, ఆంగ్లంలో మనమే తీర్చాలి. మొదటి అర్థానికి ‘దాన్ హైదరాబాద్ ఈజ్’, రెండో అర్థానికి ‘దాన్ టు హైదరాబాద్’ అని రాయాలి.

‘హైదరాబాద్ తెలంగాణలోని ఏ నగరం కంటే అయినా పెద్దది’ అన్నప్పుడు ఆ నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంటుంది, అది తనకంటే తాను పెద్దది కాలేదు. అందుకే ఆంగ్లం ‘ఎనీ అదర్ సిటీ’ అని పట్టుబడుతుంది. ‘ఏ నగరం’ అని కాక ‘మరే నగరం’ అని అనువదించుకుంటే ‘అదర్’ మరిచిపోరు.

ప్రతి ‘కంటే’కూ ‘దాన్’ రాదు. ‘సీనియర్’, ‘జూనియర్’, ‘సుపీరియర్’, ‘ఇన్‌ఫీరియర్’ లాటిన్ నుంచి వచ్చిన మాటలు, వాటి చివరనున్న ‘ఇయర్’ లాటిన్‌లో పోలికను తెలిపే ప్రత్యయమే. వాటి తరువాత ‘టు’ రావాలి, ‘షీ ఈజ్ సీనియర్ టు మీ’ అనాలి. ‘ప్రిఫర్’కు కూడా అంతే, ‘ఐ ప్రిఫర్ టీ టు కాఫీ’. ఆఫీసు ఉత్తరాల్లో ‘సీనియర్ దాన్’ అని రాసే పొరపాటు పెద్ద చదువులు చదివినవారిలోనూ ఉంది.

‘చాలా’ తెచ్చే చిక్కు

‘చాలా పెద్దది’, ‘కరీంనగర్ కంటే చాలా పెద్దది’ అన్న రెండు చోట్లా మనకు ఒకే ‘చాలా’ సరిపోతుంది. ఆంగ్లంలో పోలిక లేనప్పుడు ‘వెరీ బిగ్’, పోలిక ఉన్నప్పుడు ‘మచ్ బిగ్గర్’ అవుతుంది. ‘వెరీ బిగ్గర్’ అనే ప్రయోగమే లేదు. ‘మచ్’కు బదులు ‘ఫార్’, ‘ఎ లాట్’ కూడా వాడవచ్చు. కొంచెమే తేడా ఉంటే ‘ఎ లిటిల్ బిగ్గర్’, ‘స్లైట్లీ బిగ్గర్’ అనాలి. మూడో మెట్టుకు ‘బై ఫార్ ది బెస్ట్’ అంటే మిగతావేవీ దరిదాపుల్లో లేవని అర్థం.

మూడో మెట్టు ముందు సాధారణంగా ‘ది’ ఉండాలి. తెలుగులో దానికి సమానమైన మాట లేదు కాబట్టే దానిని వదిలేస్తుంటాం. ‘మై’, ‘అవర్’ వంటివి ముందుంటే మాత్రం ‘ది’ రాదు, ‘మై బెస్ట్ ఫ్రెండ్’ అంటే చాలు. ‘క్లాసులో’, ‘ఊళ్లో’, ‘జిల్లాలో’ అన్న చోట్ల ‘ఇన్’ వాడాలి, ‘ముగ్గురిలో’ అన్న చోట ‘ఆఫ్’ వాడాలి. రెండు సందర్భాల్లోనూ తెలుగులో ఒకే ‘లో’ ఉంది కాబట్టి, ఆ ‘లో’ చోటును చెబుతోందా, గుంపును చెబుతోందా అని చూసుకుంటే సరైన మాట తేలుతుంది. పోల్చేవి రెండే ఉంటే ‘టాలెస్ట్’ అనకుండా ‘ది టాలర్ ఆఫ్ ది టూ’ అనడం మర్యాదైన రాత.

‘వన్ ఆఫ్ ది ఓల్డెస్ట్ టెంపుల్ ఇన్ తెలంగాణ’ అన్న తప్పు నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది, ఎందుకంటే ఇక్కడ తెలుగును నమ్ముకున్నా సరిపోయేది. ‘పురాతనమైన గుడుల్లో ఒకటి’ అనే అంటాం, ‘గుడిలో ఒకటి’ అనం. ఆ బహువచనాన్నే తీసుకుని ‘టెంపుల్స్’ అని రాస్తే చాలు. క్రియ మాత్రం ‘వన్’ వెంట నడుస్తుంది కాబట్టి ‘ఈజ్’ ఏకవచనంలోనే ఉంటుంది.

సమానమని చెప్పడం, మెట్టు మార్చి చెప్పడం

‘నా అంత పొడుగు’ అన్న భావాన్ని ‘యాజ్ టాల్ యాజ్ మీ’ అని చెప్పాలి. రెండు ‘యాజ్’ల మధ్య విశేషణం మార్పు లేకుండా ఉండాలి, ‘యాజ్ టాలర్ యాజ్’ అనకూడదు. ‘నా అంత పొడుగు కాదు’ అంటే ‘నాట్ యాజ్ టాల్ యాజ్ మీ’. ‘రెండింతలు పెద్దది’ అన్నప్పుడు ‘ట్వైస్ యాజ్ బిగ్ యాజ్’ రావాలి. మన ‘ఎంత, అంత’ జంటకు ఆంగ్లంలో సరిజోడు ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైన వాక్య నిర్మాణం. ‘ఎంత తొందరగా వస్తే అంత మంచిది’ అనే మాటను ‘ది ఎర్లియర్ యూ కమ్, ది బెటర్’ అంటారు. రెండు ‘ది’లలో మొదటిది ‘ఎంత’ స్థానంలో, రెండోది ‘అంత’ స్థానంలో నిలబడతాయి. మాఘమాసం దాటాక ‘రోజురోజుకూ ఎండ ముదురుతోంది’ అనడానికి ‘ఇట్ ఈజ్ గెటింగ్ హాటర్ అండ్ హాటర్’ అని రెండో మెట్టును రెండుసార్లు చెబితే సరిపోతుంది.

పోటీ పరీక్షల్లో ఒకే భావాన్ని మూడు మెట్లలోకి మార్చమని అడుగుతారు. మన పక్కన పారే గోదావరితోనే చేసి చూద్దాం. 1,465 కిలోమీటర్ల పొడవుతో గోదావరి భారత ద్వీపకల్పంలోని నదులన్నింటికంటే పొడవైనది. ఇది మూడో మెట్టులో ‘ది గోదావరి ఈజ్ ది లాంగెస్ట్ రివర్ ఇన్ పెనిన్సులర్ ఇండియా’ అవుతుంది. రెండో మెట్టులో ‘ది గోదావరి ఈజ్ లాంగర్ దాన్ ఎనీ అదర్ రివర్ ఇన్ పెనిన్సులర్ ఇండియా’ అవుతుంది. మొదటి మెట్టులో ‘నో అదర్ రివర్ ఇన్ పెనిన్సులర్ ఇండియా ఈజ్ యాజ్ లాంగ్ యాజ్ ది గోదావరి’ అవుతుంది. ఒక్కటే పొడవైనది అని కాకుండా పొడవైన వాటిలో ఒకటి అన్నప్పుడు వాక్యాలు మారిపోతాయి. ‘వన్ ఆఫ్ ది లాంగెస్ట్ రివర్స్ ఇన్ ఇండియా’ అన్న దానికి రెండో మెట్టులో ‘లాంగర్ దాన్ మోస్ట్ అదర్ రివర్స్’, మొదటి మెట్టులో ‘వెరీ ఫ్యూ రివర్స్ ఇన్ ఇండియా ఆర్ యాజ్ లాంగ్ యాజ్ ది గోదావరి’ అని రాయాలి. ఈ రెండు వరుసలను కలిపేయడం వల్లే ఎక్కువమంది మార్కులు పోగొట్టుకుంటారు. ప్రశ్నలో ‘వన్ ఆఫ్’ ఉందో లేదో ముందుగా చూసి ఆ తరువాతే కలం కదపండి.

సాధన కోసం రోజూ దినపత్రికలో రామగుండం, ఆదిలాబాద్, హనుమకొండ ఉష్ణోగ్రతలు చూసి, ఆ మూడు అంకెలతో ఒక ‘దాన్’ వాక్యం, ఒక ‘ది’ వాక్యం, ఒక ‘యాజ్’ వాక్యం రాయండి. నెల తిరిగేసరికి తొంభై వాక్యాలవుతాయి, అప్పటికి విశేషణం మీద చూపు తనంతట తానే పడుతుంది. అంతవరకు నేర్చుకున్నది సరిచూసుకోవడానికి నాలుగు తప్పు వాక్యాలు ఇస్తున్నాను, కింద ఉన్న జవాబులు చూడకముందే దిద్దండి.

‘దిస్ రోడ్ ఈజ్ మోర్ నారోవర్ దాన్ దట్ వన్.’ ‘మై బ్రదర్ ఈజ్ ఎల్డర్ దాన్ మీ.’ ‘షీ ఈజ్ టాలెస్ట్ గర్ల్ ఆఫ్ అవర్ క్లాస్.’ ‘ది రోడ్స్ ఆఫ్ హనుమకొండ ఆర్ వెరీ వైడర్ దాన్ అవర్ విలేజ్.’

మొదటి వాక్యంలో ‘మోర్’ తీసేయాలి. రెండో దానిలో ‘ఎల్డర్’ బదులు ‘ఓల్డర్’ రావాలి. మూడో దానిలో ‘టాలెస్ట్’కు ముందు ‘ది’ చేరాలి, తరగతి చోటును చెబుతోంది కాబట్టి ‘ఆఫ్’ బదులు ‘ఇన్’ రావాలి. నాలుగో దానిలో ‘వెరీ’ స్థానంలో ‘మచ్’ రావాలి, రోడ్లను ఊరితో కాక రోడ్లతోనే పోల్చాలి కాబట్టి చివర ‘దాన్ దోజ్ ఆఫ్ అవర్ విలేజ్’ అని ఉండాలి.